ఇరవై రెండు మెట్ల చవక గిటార్

తప్పులు పట్టడం నా ఉద్యోగం. ఒక బ్యాంకు సాఫ్ట్‌వేర్ జనం చేతికి వెళ్ళకముందే ఎక్కడెక్కడ మొరాయిస్తుందో కనిపెట్టి, రాసి, చేసినవాళ్ళ ముందు పెడతాను. సింగపూర్‌లో పద్దెనిమిదేళ్ళుగా ఇదే పని. ఆ బుద్ధి ఇంట్లో కూడా నన్ను వదలదని మావారు అంటారు. కొత్త కుక్కర్ కొంటే ముందు మూత బోర్లించి రబ్బరు చూస్తాను. తిండి దుకాణాలు వరసగా ఉండే హాకర్ సెంటర్‌లో చెంచాని వెలుతురుకు పట్టి చూశాకే నోట్లో పెట్టుకుంటాను. ఇక చవక వస్తువంటే చెప్పక్కర్లేదు. అంత తక్కువకు ఇచ్చారంటే ఎక్కడో ఏదో ఎగ్గొట్టే ఉంటారు. అదెక్కడో తేలేదాకా నాకు మనసు కుదుటపడదు.

అందుకే మావారు మా అమ్మాయికి రెండు వందల డాలర్ల లోపు ఎలక్ట్రిక్ గిటార్ కొని తెచ్చిన రోజున దాన్ని చూసీ చూడకుండానే పెదవి విరిచాను. టమాటా పండులా ఎర్రగా నిగనిగలాడుతోంది. దాంతోపాటు ఒక సంచి, భుజానికి తగిలించుకునే పట్టీ, టిఫిన్ డబ్బా అంత స్పీకరు కూడా ఇచ్చారట.

"ఆ డబ్బులకి గిటార్ బొమ్మొస్తాది గానీ గిటారొస్తాదేటి?" అన్నాను.

"నేర్చుకోడానికి చాల్లే," అన్నారాయన. ఆయన జురాంగ్ ఐలాండ్‌లో ఒక ప్లాంట్‌లో మీటర్లు సరిచూసే ఇంజినీరు. వస్తువు పనిచేస్తే చాలు, దాని కులగోత్రాలు ఆయనకు అక్కర్లేదు.

మా అమ్మాయి నాలుగు నెలలు వాయించింది. తర్వాత స్కూల్లో బ్యాడ్మింటన్ జట్టులో చేరింది. గిటార్ షెల్టర్ గదిలోకి పోయింది. మా ఫ్లాట్లన్నిటిలోనూ ఇనుప తలుపుతో అలాంటి చిన్న గది ఒకటి ఉంటుంది. యుద్ధం వస్తే తలదాచుకోవడానికి కట్టారు. ప్రస్తుతానికి మా ఇంట్లో బియ్యం బస్తాలు, సూట్‌కేసులు అందులో తలదాచుకుంటున్నాయి.

గిటార్ కన్నా ముందు ఆ గదిలో నా వీణ ఉండేది.

మాది విజయనగరం. తొమ్మిదో ఏట నుంచి పెళ్ళయ్యేదాకా వీణ నేర్చుకున్నాను. మా గురువుగారు పొట్టిగా, కోపిష్ఠిగా ఉండే ఒక పెద్దావిడ. మీటడం ఎవరైనా మీటుతారని, వీణ అంతా ఎడమచేతిలోనే ఉందని ఆవిడ అనేవారు. తీగని మెట్టు మీద నొక్కిపెట్టి పక్కకు లాగితే ఒక స్వరంలోంచి ఇంకో స్వరం జారుకుంటూ వస్తుంది. ఆ లాగుడులో వెంట్రుకవాసి తేడా వచ్చినా ఆవిడ చేతిలోని విసనకర్ర నా మోకాలి మీద పడేది. పెళ్ళయ్యాక పనసచెక్క వీణని దుప్పట్లలో చుట్టుకుని సింగపూర్ తెచ్చుకున్నాను. సెంగ్‌కాంగ్‌లో మా ఇంట్లో సోఫా కన్నా ముందు దానికి చోటు చూశాం.

ఆరేళ్ళ క్రితం ఒక పొద్దున ఆవకాయ సీసా మూత తిప్పలేకపోయాను. ఎడమచేతి చూపుడువేలు, మధ్యవేలు కణుపుల దగ్గర వాచిపోయాయి. డాక్టరు రక్తపరీక్షలు చేయించి కీళ్ళవాతమని తేల్చారు. మందులు వేసుకుంటే అదుపులో ఉంటుందన్నారు, ఉంది కూడా. కీబోర్డు కొట్టగలను, కూరలు తరగగలను. కానీ వీణ తీగలు లావు, మెట్ల మీద ఎత్తుగా ఉంటాయి. వాటిని నొక్కడానికే బలం కావాలి, నొక్కి లాగడానికి ఇంకా బలం కావాలి. వీణకి పనికొచ్చేవి సరిగ్గా ఆ రెండు వేళ్ళే. ఒక శనివారం తోడి రాగం మొదలుపెట్టాను. అందులో గాంధారం దాని మెట్టు మీద ఊరికే కూర్చోదు, కింది మెట్టు మీద తీగ లాగి పలికించాలి. లాగాను. సగంలో వేళ్ళు వదిలేశాయి. తీగ తిరిగి మెట్టుకి కొట్టుకుని కీచుమంది. మళ్ళీ లాగాను. నాలుగోసారికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అవి నొప్పివని చెప్పుకున్నాను.

ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. మందుల విషయం మావారికి తెలుసు. వీణ మాత్రం తీరిక లేక మానేశానని ఆయనకూ చెప్పాను. వేళ్ళ వల్ల అని నోటితో అంటే అది నిజమై కూర్చుంటుందని నా భయం. షెల్టర్ గదిలో మూడేళ్ళు పెట్టుకుని, ఇక చూడలేక, పుంగ్గోల్‌లో ఉండే ఒక కరీంనగర్ కుటుంబానికి ఇచ్చేశాను. వాళ్ళ పాప అప్పుడే వీణ క్లాసులో చేరింది. టాక్సీలో దాన్ని తీసుకెళ్ళి దించినప్పుడు ఆ తల్లి నా చేతులు పట్టుకుని, "మీకెప్పుడు కావాల్నంటే అప్పుడు తీస్కపోండ్రి అక్కా," అంది. "నాకెక్కడ తీరికమ్మా, ఆఫీసు పనే సరిపోతాది," అని నవ్వాను. తిరుగు ప్రయాణం ట్రైన్‌లో ఒక్క స్టేషనే. సరిగ్గా ఏడవడానికి కూడా సమయం చాలలేదు.

కిందటేడు వాన పడుతున్న ఒక ఆదివారం మధ్యాహ్నం షెల్టర్ గది సర్దుతుంటే గిటార్ సంచి కాలికి తగిలింది. అమ్మేద్దామనుకున్నాను. పాత సామాన్లు అమ్ముకునే యాప్‌లో పెట్టేముందు లోపాలన్నీ నిజాయితీగా రాయాలి కదా. నా వృత్తి ధర్మం. కాగితం, పెన్ను పట్టుకుని ఆ గది గుమ్మంలోనే నేల మీద కూర్చున్నాను.

మెడ వంగి ఉంటుందని ఒక కన్ను మూసి చూశాను. తిన్నగా ఉంది. మెట్ల చివర్లు గరుగ్గా ఉంటాయని అరచేత్తో నిమిరాను. ఎక్కడా గీసుకోలేదు. మరలు వదులుగా ఉంటాయని తిప్పి చూశాను. బిగువుగానే ఉన్నాయి. అతుకులు, రంగు, మీటలు, అన్నీ చూశాను. కాగితం తెల్లగానే ఉంది. వెనకవైపు గోరంత అంటింపు కాగితం ఒకటి కనిపించింది. పరీక్షించినట్టు గుర్తుగా దాని మీద ఒక టిక్కు, ఒక అంకె. ఎక్కడో ఒక ఫ్యాక్టరీలో నాలాంటి మనిషి ఎవరో ఉన్నారు. నేను వంక పెట్టాలని వెతికిన ప్రతిచోటా ఆ మనిషి నాకన్నా ముందే వెతికి, అరగదీసి, బిగించి పంపారు. రెండు వందల డాలర్ల సరుక్కి అంత శ్రద్ధ ఎవరు పెట్టమన్నారు? నాకు అక్కడే మొదటిసారి కాస్త సిగ్గేసింది.

మిగిలింది ఒక్క పరీక్ష. ప్రతి మెట్టు మీదా ప్రతి తీగనీ నొక్కి, పలుకుతోందో లేదో చూడాలి. మొదటి తీగని మధ్యవేలితో నొక్కాను. అది నొక్కినట్టే లేదు. సెల్‌ఫోన్ మీద వేలు పెట్టినంత తేలిగ్గా తీగ మెట్టుని తాకింది. ఒక్కొక్క మెట్టూ పైకి వెళ్ళాను. వీణకి ఇరవై నాలుగు మెట్లు, దీనికి ఇరవై రెండు. అన్నీ పలికాయి.

అప్పుడు చెవికి ఒక సంగతి తట్టింది. అన్నిటికన్నా సన్న తీగని ఆధార షడ్జమం అనుకుంటే, దాని పక్క తీగ సరిగ్గా కింది పంచమం. ఇంకో రెండు తీగల్ని కాస్త వదులు చేశాను. స, ప, స, ప. వీణ మీద వాయించే నాలుగు తీగలూ వచ్చి కూర్చున్నాయి. మా అమ్మాయి ఈ గిటార్‌ని నాలుగు నెలలు నా పక్కనే మోగించింది. నేను తప్పులు వెతికే పనిలో ఉండి వినలేదు.

తీగ మీద వేలు పెట్టి నెమ్మదిగా పక్కకు లాగాను. నొప్పి కోసం చూస్తూనే లాగాను. స్వరం పైకి జారింది, ఇంకా జారింది, నేను ఆపినచోట ఆగింది. వదిలాను. మళ్ళీ లాగాను. నొప్పి రాలేదు. తోడి గాంధారం ఊగుతూ వచ్చింది. స్పీకరు లేదు కాబట్టి ఆ శబ్దం నా ఒడి దాటి పోయి ఉండదు. నాకు మాత్రం అది చాలా పెద్దగా వినిపించింది.

మావారు హాల్లోంచి వచ్చి నన్ను చూశారు. "ఏటయింది? ఎందుకేడుస్తన్నావు? బల్లి గానీ మీద పడిందేటి?"

"దుమ్ము," అన్నాను.

గిటార్ అమ్మలేదు. శనివారాలు పొద్దున్నే మా అమ్మాయి ఆటకీ, ఆయన కూరగాయలకీ వెళ్ళాక తలుపేసుకుని వాయించుకునేదాన్ని. దాచడం దేనికని అడిగితే ఏం చెప్పను. ఒకసారి పోగొట్టుకున్నదాన్ని మళ్ళీ పోగొట్టుకుంటానేమో, ఈసారి అందరి కళ్ళముందూ పోతుందేమో అని భయం. పైగా తొమ్మిదో ఏట నుంచి విసనకర్ర దెబ్బలు తిని చివరికి టమాటా రంగు గిటార్ మీద తోడి వాయిస్తున్నానంటే నాలో నాకే కొంచెం నామోషీగా ఉండేది. రెండు నెలలకి మావారు ఒకరోజు సంచులు మరిచిపోయి వెనక్కొచ్చి, గుమ్మంలో నిలబడి విన్నారు. ఆ సాయంత్రం స్పీకరు దుమ్ము దులిపి, వైరు సరిచూసి, నా పక్కన పెట్టి వెళ్ళారు.

స్పీకరు పెట్టాక అసలు లోపం దొరికింది. పై మెట్ల మీద తీగని బాగా దూరం లాగితే స్వరం మధ్యలో చచ్చిపోయేది. సిటీలో ఒక పాత షాపింగ్ కాంప్లెక్స్ మూడో అంతస్తులో గిటార్లు బాగుచేసే చైనీస్ అంకుల్ ఉన్నాడని తెలిసి తీసుకెళ్ళాను. డెబ్బై ఏళ్ళుంటాయి. గోడలకి నా జీతమంత ఖరీదున్న గిటార్లు వేలాడుతున్నాయి. నాది తీయడానికి మొహమాటపడ్డాను. ఆయన మాత్రం దాన్ని వాటిలాగే రెండు చేతులతో అందుకుని మెడ వెంట చూశాడు.

"చీప్ గిటార్. బట్ నెక్ వెరీ గుడ్ లా," అన్నాడు, మాట చివర సింగపూర్ వాళ్ళ 'లా' తగిలించి.

ఆయన చెప్పిందాని ప్రకారం ఇప్పుడు మెట్ల గాడులు మిషన్ కోస్తుంది, మిషన్‌కి చవక గిటార్, ఖరీదు గిటార్ అని తేడా తెలియదు. కొలత కొలతే. డబ్బు మిగుల్చుకునేది రంగులోనూ, ఇనప ముక్కల్లోనూ, కంపెనీ పేరులోనూ. ఎంత దూరం లాగుతావో చూపించమన్నాడు. చూపించాను. గిటార్ వాయించేవాళ్ళెవరూ ఇంతింత లాగరని ఆశ్చర్యపోయాడు. స్వరం చావకుండా ఉండాలంటే తీగలు పైకెత్తాలన్నాడు.

అప్పుడు వేళ్ళ సంగతి చెప్పాను. పేరు కూడా తెలియని మనిషికి మొట్టమొదటిసారి చెప్పాను. ఎత్తితే నొక్కలేనని చెప్పాను. ఆయన తన కుడిచెయ్యి బల్ల మీద పెట్టాడు. వేళ్ళ కణుపులు అల్లం కొమ్ముల్లా ఉన్నాయి. నా చెయ్యి పక్కన పెట్టమన్నాడు. ఇద్దరం కాసేపు మా వేళ్ళు చూసుకున్నాం.

"సాటర్‌డే కమ్," అన్నాడు.

శనివారం వెళ్తే తీగలు ఇంకా సన్నవి వేసి ఉన్నాయి. ఎత్తు పెంచలేదు. దానికి బదులు పైన ఉన్న పది మెట్లనీ ఒక్కొక్కటీ ఆకురాయితో, నా లాగుడు ఎటు పోతుందో అటు, రవ్వరవ్వ అరగదీశాడు. తీగ చివరిదాకా వెళ్ళి పాడుతూ తిరిగొచ్చింది. అంత పనికి ఆయన తీసుకున్నది మా ఇంట్లో ఒక పూట బయట భోజనం ఖరీదు. ఇంకా ఇవ్వబోతే చేత్తో వద్దని ఊపి, వేళ్ళకి రాత్రి గోరువెచ్చని నీళ్ళు పట్టమని చెప్పాడు. ఆ మనిషిని తలుచుకుంటే ఇప్పటికీ నాకు చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

దసరా వచ్చింది. మహర్నవమినాడు మా ఇంట్లో పనిముట్లు పూజలో పెడతాం. మావారి మీటరు, టెస్టర్లు, నా లాప్‌టాప్, అమ్మాయి రాకెట్టు. వీణ ఇచ్చేశాక ఆ వరసలో ఒక ఖాళీ అలాగే ఉండేది. ఈసారి గిటార్ పెట్టాను. గంధం రాసి, కుంకుమ బొట్టు పెట్టి, ఇన్నేళ్ళ బాకీ తీర్చుకుంటున్నట్టు రెండు దోసిళ్ళ అక్షతలు దాని మీద చల్లాను.

మర్నాడు విజయదశమి సాయంత్రం తెలిసినవాళ్ళని పిలిచాం. పుంగ్గోల్ వాళ్ళూ వచ్చారు, పాప వీణ తీసుకుని. నా ముందు ఒకసారి వాయిస్తుందని వాళ్ళమ్మ ముందే ఫోన్ చేసింది. ఆ తర్వాత నేను గిటార్ వాయిస్తానని మావారికొక్కరికే చెప్పాను. అందరికీ ఏం చెప్పాలో కూడా తయారు చేసుకున్నాను. ఈమధ్య సరదాగా మొదలుపెట్టానని, కొత్త హాబీ అని. ఒక అబద్ధం మీద ఇంకో అబద్ధం.

పాప ముద్దుగా వాయించింది. తర్వాత నేను గిటార్ ఒళ్ళో పెట్టుకుని, వైరు గుచ్చి, తీగ మీటాను. స్పీకరు పలకలేదు. మీటలు తిప్పాను. వైరు మార్చాను. ఉహూఁ. హాల్లో పన్నెండు మంది నా వైపే చూస్తున్నారు.

"చవక సరుకు. ముందే అన్నాను," అన్నాను. నా గొంతులో ఉన్న కసికి మా అమ్మాయి తలెత్తి చూసింది.

"పరేషాన్ ఎందుకక్కా," అంది పాప వాళ్ళమ్మ. "మీ వీణ ఈడ్నే ఉన్నది గదా. దీని మీదనే వాయించుండ్రి."

పాప లేచి వీణని జాగ్రత్తగా నా ముందుకు జరిపింది. అందరూ వెనక్కి సర్దుకుని చోటిచ్చారు. నా వీణ. దాని పనసచెక్క మీద ప్రతి గీతా నాకు తెలుసు. దాన్ని ముట్టుకున్నాను గానీ ఒళ్ళోకి తీసుకోలేదు. సెలవు రోజు, సాయంత్రం, ఇంటినిండా వినేవాళ్ళు. తీరిక లేదనడానికి ఇక దారి లేదు.

"నా వేళ్ళు దీన్ని లాగలేవమ్మా," అన్నాను. "మీకిచ్చేనాటికే లాగలేవు. తీరిక లేక ఇవ్వలేదు. నేను చెప్పిందంతా అబద్ధం."

ఆవిడ వచ్చి నా పక్కన కూర్చుని ఎడమచెయ్యి తన చేతుల్లోకి తీసుకుంది. "చెప్తే మేమేమన్న అనుకుంటుంటిమా అక్కా," అంది మెల్లిగా. చిత్రంగా నాకు ఏడుపు రాలేదు. ఆరేళ్ళుగా మోస్తున్న బస్తా ఎవరో కింద పెట్టించినట్టు భుజాలు తేలికయ్యాయి.

ఇదంతా జరుగుతుంటే మావారు టార్చి వేసి గిటార్‌ని పరీక్షిస్తున్నారు. వైరు గుచ్చే రంధ్రం గిటార్ ముందు వైపున, పడవలాంటి గుంటలో ఉంటుంది. పిన్నీసుతో అందులోంచి ఒకటి, రెండు, మూడు పసుపు బియ్యపు గింజలు బయటికి తీసి అరచేతిలో పెట్టి అందరికీ చూపించారు.

"సరుకు చవకది కాదు, భక్తే ఎక్కువైపోనాది," అన్నారు.

హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ నవ్వు తగ్గకముందే తీగ మీటాను, ఈసారి పలికింది. తోడి వాయించాను. గొప్పగా ఏం వాయించలేదు. రెండుచోట్ల తడబడ్డాను, ఒకచోట దాటేశాను. గాంధారం దగ్గర మాత్రం ఆగి, కావలసినంత సేపు ఊపాను. మావారు గోడకి ఆనుకుని కళ్ళు మూసుకున్నారు. మా గురువుగారు వింటే విసనకర్ర ఎత్తేవారే, కానీ తప్పు వాయించినందుకు, గిటార్ పట్టుకున్నందుకు కాదు. ఆ నమ్మకం ఆ సాయంత్రమే కలిగింది.

ఆ వారం నుంచి పాప శనివారాలు మా ఇంటికి వస్తోంది. నేను గిటార్ మీద ఒక సంగతి వాయిస్తాను, ఎదురుగా కూర్చుని తను వీణ మీద అంటుంది. రెండూ ఒకే శ్రుతికి సర్దుకున్నాం. మొన్న ఒకచోట లాగుడు చాలలేదు. ఇంకా లాగమన్నాను. లాగి, చెయ్యి విదిల్చుకుంది.

"ఆంటీ, ఇట్ హర్ట్స్ లా. ఫింగర్ కట్ అవుతోంది."

"మొదట్లో అందరికీ కోస్తుంది," అన్నాను. "వాయించగా వాయించగా వేలి చివర చర్మం గట్టిపడుతుంది. అప్పుడిక తెలీదు." అలవాటు కొద్దీ నా మధ్యవేలు చాపి చూపించాను. చాపాక గుర్తొచ్చింది, అక్కడ చూపించడానికి ఏమీ లేదని. వీణ మానేసిన ఏడాదికే ఆ కాయ కరిగిపోయి వేలు మెత్తబడిపోయింది. చెయ్యి వెనక్కి తీసుకోబోయాను.

పాప నా వేలు పట్టుకుని, చివర తన బొటనవేలితో నొక్కి చూసింది. "యా, వెరీ హార్డ్," అంది.

నేను వంగి చూశాను. వేలి కొన మీద దారమంత సన్నగా, గట్టిగా ఒక గీత. ఎప్పుడు వచ్చిందో నాకు తెలియదు. ఇంకో వేలితో దాన్ని తడిమాను, మళ్ళీ తడిమాను. పాప నా మొహం చూస్తోంది.

"ఊఁ, మళ్ళీ లాగు," అన్నాను.